రాయిగారి మొహం

మంచినీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు దగ్గర కూర్చునే గుమాస్తాను అందరూ రాయిగారు అనేవారు. ఎగతాళిగా కాదు, గౌరవంగానే. ఉద్యోగంలో చేరిన కొత్తలో సూపరింటెండెంటు ఆయనకు ఒకే ఒక్క పాఠం చెప్పాడు. "నువ్వు నవ్వావంటే పనైపోయిందనుకుంటారు. మొహం చిట్లించావంటే కొట్లాటకొస్తారు. గోడలా కూర్చో!" వేరేవాళ్ళయితే మొదటి జీతం అందేలోగా ఆ పాఠం మరిచిపోయేవారు. ఈయన శ్రద్ధ గల మనిషి. రోజూ పొద్దున్నే గడ్డం గీసుకునే అద్దంలో చూసుకుంటూ సాధన చేశారు. కొన్నేళ్ళకు సాధన అక్కర్లేకుండానే పోయింది. కుళాయిలో కప్ప వచ్చిందని ఒకాయన ఆ కప్పనే తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. అది ఎగిరి రాయిగారి భుజమెక్కి కూర్చుంది. ఆయన రెప్ప కూడా కదలలేదు. "మీ ఫిర్యాదు అందింది, కప్పను తీసుకెళ్ళండి" అన్నారంతే.

చిక్కంతా పాప పుట్టాక వచ్చిపడింది. లేకలేక పుట్టిన పిల్ల. పాప అంటే రాయిగారు చెవి కోసుకుంటారు. కానీ ఆ సంగతి మొహంలో వెతికితే ఎక్కడ దొరుకుతుంది?

పిల్లను చూసుకోవడానికి అత్తగారు వచ్చింది. ఆవిడ మొహం ఒక నాటకశాల. ఉప్పు అందుకోమని చెప్పినా కనుబొమలు నెత్తికెక్కుతాయి. పక్కింటి పిల్లాడు అత్త, తాత అని గలగలా పలుకుతుంటే మనవరాలు ఇంకా ఊ, ఆ దగ్గరే ఉందని ఆవిడకు బెంగ పట్టుకుంది. చివరికి దోషి ఎవరో తేల్చేసింది.

"పిల్లలు మొహాలు చూసే మాటలు నేర్చుకుంటారమ్మా! అల్లుడుగారి మొహం చూసి ఇదేం నేర్చుకుంటుంది? మాటలొచ్చేదాకా పిల్లను ఆయన చేతికివ్వొద్దు" అంది కూతురితో.

ఆ రోజు నుంచి రాయిగారు ఆఫీసు నుంచి రాగానే అత్తగారు పాపను లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేసేసేది. ఆయనకు గుండె తరుక్కుపోయేది. కానీ అభ్యంతరం చెప్పడానికి మొహం సహకరించాలి కదా! చొక్కా కూడా మార్చుకోకుండా ఆ తలుపు దగ్గరే నిలబడి, లోపలి ఊ ఆలు వింటూ ఉండేవారు.

ఆయన అలా నిలబడడం భార్య చూడలేకపోయింది. "పసిపిల్లల మాటల మీద పరిశోధన చేసేవాళ్ళు కాలేజీలో ఉన్నారటమ్మా. వాళ్ళు చెప్పినట్టు చేద్దాం. పిల్లను ఈయనకివ్వొచ్చంటే ఇవ్వాలి, వద్దంటే మానాలి" అంది. అత్తగారు సరేనంది. గెలుపు తనదేనని ఆవిడకు నమ్మకం.

పరిశోధన గదిలో బూడిదరంగు తెరలు, పిల్లలు కూర్చునే ఎత్తు కుర్చీ, ఎదురుగా పెద్దవాళ్ళ కుర్చీ, ఇద్దరి మొహాలకూ గురిపెట్టిన రెండు కెమెరాలు ఉన్నాయి. పరిశోధకురాలు ఓపికగా వివరించింది.

"సార్, ముందు పాపతో మామూలుగా ఆడండి. నేను గంట కొట్టగానే మొహంలో ఏ కదలికా లేకుండా ఉండిపోండి. పిల్లలు సాధారణంగా నవ్వుతారు, చేతులూపుతారు, వేలు చూపిస్తారు, కేకలేస్తారు. మిమ్మల్ని మళ్ళీ కబుర్లలోకి లాగాలని చూస్తారు. కుదరకపోతే ఏడుస్తారు. మాటలు రాకముందు అదే వాళ్ళ సంభాషణ."

రాయిగారు కూర్చున్నారు. గంట మోగింది. పరిశోధకురాలు కాసేపు చూసి, "సార్, మీరిక మొదలుపెట్టొచ్చు" అంది.

"మొదలుపెట్టానండీ."

"మరి ఇందాకటిదాకా?"

"ఇందాకటిదాకా ఆడుకుంటున్నానండీ."

వీడియో వెనక్కి తిప్పి చూశారు. ఆట ఎక్కడ ఆగిందో గదిలో ఎవరికీ అంతుపట్టలేదు. పెద్ద మేడమ్‌ను పిలిచారు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని చూసినా తేలలేదు. వింతేమిటంటే, పాప మొదటి నుంచి చివరిదాకా పకపకా నవ్వుతూనే ఉంది. ఊ అంటుంది, ఆగుతుంది, నవ్వుతుంది, మళ్ళీ ఆ అంటుంది.

"ఈ పిల్ల ఎవరితో మాట్లాడుతోంది?" అంది పెద్ద మేడమ్.

"గోడతో!" అంది అత్తగారు. "చూశారా? పిల్లకు తేడా కూడా తెలియట్లేదు."

రాయిగారి గుండె జారిపోయింది. మొహం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇంకో పరీక్ష మిగిలింది. పాప తండ్రి ఒళ్ళో కూర్చుంటుంది, ఒక పక్క నుంచి మాటలు వినిపిస్తాయి, పాప ఎటు తిరుగుతుందో చూస్తారు. తండ్రి తనకు తెలియకుండానే పాపకు సైగలు చేయకూడదు కనుక ఆయనకు ఏమీ వినబడకుండా పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి పాట వేస్తారు. అవి పెట్టారో లేదో, పాప తలెత్తి చూసి, తండ్రి చెంప తట్టి, ముక్కు పీకి, గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. తీస్తే నవ్వింది. పెడితే ఏడ్చింది. అవే తల్లికి పెట్టి చూశారు, పాప పట్టించుకోలేదు. పెద్ద మేడమ్ పెట్టుకుంది, పాప ఆవలించింది. చివరికి పెద్ద మేడమ్‌కు పట్టుదల పెరిగి, హెడ్‌ఫోన్లు తీయించి రాయిగారి మొహం మొత్తం తువ్వాలుతో కప్పించింది. రెండు చెవులు మాత్రమే బయట మిగిలాయి.

పాప చప్పట్లు కొట్టింది.

అప్పుడు చూశారందరూ. పాప ఊ అంటే కుడి చెవి పైకి లేచింది. పాప నవ్వితే రెండూ ఒకేసారి ఆడాయి. పాప ఆగి, చెవుల జవాబు విని, మళ్ళీ తన మాట చెప్పింది. సూపరింటెండెంటు మొహం సంగతే చెప్పాడు. గడ్డం గీసుకునే ఆ బుల్లి అద్దంలో చెవులు పట్టలేదు.

"ఈ పిల్ల కబుర్లకేం లోటు లేదమ్మా!" అంది పెద్ద మేడమ్. "వంతు తప్పకుండా మాట్లాడుతోంది. మాటలు వాటంతటవే వస్తాయి. రోజూ వాళ్ళ నాన్నతో కూర్చోనివ్వండి."

అత్తగారు నోరెళ్ళబెట్టింది. రాయిగారు తువ్వాలు తీసి, రెండు చేతులతో చెవులు తడుముకున్నారు. తర్వాత భార్య వంక చూశారు.

"నీకు తెలుసా?"

"పెళ్ళికి ముందే తెలుసు. మా ఇంటి కుళాయి గురించి మీ కౌంటరుకొచ్చానుగా. నీళ్ళొచ్చేశాక కూడా మళ్ళీ మళ్ళీ ఎందుకొచ్చాననుకున్నారు?"

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే పొద్దున్నే అద్దం ముందు నిలబడి వాటినీ ఆపేస్తారని!" అంది. "అమ్మకు చెప్పినా మీదాకా వచ్చేస్తుంది. అందుకే, చెవుల ఊసు రాకుండానే వీళ్ళు సరేనంటారని ఇక్కడికి తీసుకొచ్చా."

రాయిగారి చెవులు చాలాసేపు ఆగలేదు.

ఆ సాయంత్రం అత్తగారే పాపను తెచ్చి అల్లుడి ఒళ్ళో పెట్టింది. తర్వాత గదిలోకెళ్ళి బరువు కమ్మలు తీసేసి, పళ్ళు బిగించి, నిలువుటద్దం ముందు చెమటలు పట్టేలా కష్టపడింది. బయటికొచ్చి మనవరాలి ముందు కూర్చుని, "ఏదీ, అమ్మమ్మ వైపు చూడు బంగారూ" అంది.

పాప ముందు అమ్మమ్మ కనుబొమల వంక చూసింది. తర్వాత చెవుల వంక చూసి, ఆశగా కాసేపు ఆగింది. అక్కడ ఉలుకూ పలుకూ లేదు. ఈవిడకు ఇంకా మాటలు రాలేదనుకుందో ఏమో, జాలిగా ఆవిడ చెంప నిమిరి తండ్రి వైపు తిరిగింది.