ఊరంతా ఎడారి తిన్న సాయంత్రం

ఇంగ్లీషు మీద నాకు కోపం చిన్నప్పటి నుంచీ ఉంది. తెలుగు మీడియంలో చదివిన నన్ను ఆ భాషలోని పెద్ద మాటలు ఎన్నడూ భయపెట్టలేదు. పెద్ద మాట దూరం నుంచే కనిపిస్తుంది, పక్కకు తప్పుకోవచ్చు. నన్ను ముంచినవి చిన్న మాటలు, అందులోనూ కవలపిల్లల్లాంటివి. ఒక్క అక్షరం జాగా మారితే డైరీ కాస్తా డెయిరీ అవుతుంది, రాసుకునేది పోయి పాలు పోసేది వస్తుంది. ఏంజెల్ యాంగిల్ అయి కూర్చుంటే దేవదూత మాయమై కోణం మిగులుతుంది. ముఖాలు ఒకటే, గుణాలు వేరు. ఇట్లాంటి వాళ్లను మనుషుల్లోనే నమ్మను, మాటల్లో ఎట్లా నమ్ముతాను?

తెలంగాణ వచ్చాక టీచర్ పోస్టుల పరీక్ష ఒకసారి రాసి, ఇంగ్లీషు దగ్గర చతికిలబడ్డాను. రెండోసారి పరీక్ష పడేసరికి నాకు పెళ్లయింది. కొత్తకోట దగ్గరి ఒక పల్లెకు కోడలిగా వచ్చాను, చంకలోకి బిడ్డ వచ్చి ఏడాదయింది. మా ఆయన హైవే మీద లారీ నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. మామయ్య లేడు. ఇంటి పెత్తనమంతా అత్తమ్మది. మనసు వెన్నే గాని, నోరు మాత్రం పచ్చిమిరపకాయ.

"గిదే ఆఖరుసారి పిల్లా. గీసారి రాకపోతె జడ్చర్ల మాత్రల ఫ్యాక్టరీల ప్యాకింగ్ పనికి పోవాలె. నేను అడిగిపెట్టిన," అన్నది. మళ్లీ తనే, "వచ్చినా ఏ అడివిలనో పోస్టింగిస్తె బిడ్డనెవరు సూస్తరు?" అని ఇంకో పుల్ల విరిచింది.

ఫ్యాక్టరీ పని తక్కువని కాదు. నాకు బడి కావాలి. సుద్దముక్క పట్టుకుని పిల్లల ముందు నిలబడాలన్నది నా ఆశ. పంతం అన్నా తప్పులేదు.

బతుకమ్మ పండుగ వచ్చింది. మా ఊళ్లో ఏటా పాట ఎత్తే పెద్దమ్మకు జలుబు చేసి గొంతు పూడుకుపోయింది. "సదువుకున్న కోడలున్నది గద" అంటూ నన్ను ముందుకు తోశారు. బతుకమ్మ ఆటలో ఒక కట్టుబాటు ఉంది. పాట ఎత్తినామె ఏ మాట అంటే చుట్టూ తిరిగేవాళ్లు అదే మాట తిరిగి అనాలి. తప్పో ఒప్పో మధ్యలో ఆపడానికి వీల్లేదు. ఆపితే బతుకమ్మ అలుగుతుందని మా ఊరి నమ్మకం.

నాకు వచ్చిన పాటలు తొందరగానే అయిపోయాయి. చప్పట్లు పడుతూనే ఉన్నాయి, అందరూ నా నోటివంకే చూస్తున్నారు. పొద్దున్నుంచి గొణుక్కున్న మాటలు తప్ప తలలో ఇంకేమీ లేవు. అవే బయటికొచ్చాయి.

"క్వయెట్ అంటెనేమొ ఉయ్యాలో, సప్పుడే లేదమ్మ ఉయ్యాలో! క్వైట్ అంటెనేమొ ఉయ్యాలో, శానా శానమ్మ ఉయ్యాలో!"

ఒక్క క్షణం చప్పట్లు తడబడ్డాయి. కానీ కట్టుబాటు కట్టుబాటే. ఊరి ఆడవాళ్లంతా గొంతెత్తి నా మాటలు తిరిగి పాడారు. చుట్టు పూర్తయ్యాక పడీ పడీ నవ్వారు. సిగ్గుతో చచ్చిపోతూ పరీక్ష సంగతి చెప్పాను. మా ఎదురింటి ఖాలా, అంటే ఉర్దూలో పిన్ని, బట్టలు కుడుతుంది, ఏటా తన అరుగు మీద కూర్చుని ఆట చూస్తుంది. ఆమె అక్కడి నుంచే కేకేసింది: "మంచిగుంది బేటీ! రేపు గూడ గిదే పాడు, నేను చప్పట్లు కొడ్త."

ఇక మర్నాటి నుంచి చూడాలి. గునుగు పూలు కోస్తూ ఒకరు, తంగేడు తెస్తూ ఒకరు, "ఇయ్యాలేం మాటలు?" అని అడగడమే. అడోప్ట్ అంటే దత్తత తెచ్చి సాదుకోవడం, అడాప్ట్ అంటే అలవాటు పడటం అని పాడిన రోజు పక్కింటి వదిన చప్పట్లు ఆపకుండానే, "మా ఆయనను అడోప్ట్ జేసుకొని పదేండ్లాయె, ఇంక అడాప్ట్ గాలె" అన్నది. ఆ చుట్టు పూర్తి చేయడానికి మాకు ఊపిరి చాలలేదు. పుస్తకం ముందు నెలల తరబడి కూర్చున్నా ఎక్కని మాటలు గుండ్రంగా తిరిగితే ఎక్కుతున్నాయి. నాకే నమ్మబుద్ధి కాలేదు.

కోడలికి ఇంత పేరొస్తుంటే అత్త చూస్తూ ఊరుకుంటుందా? ఒక సాయంత్రం అత్తమ్మ కొంగు దోపుకుని, "జర జరుగు, ఇయ్యాల నేనెత్తుత," అని ముందుకొచ్చింది. నేను చదువుతుంటే చెవిన పడ్డ మాటలు ఆమెకూ కొన్ని తెలుసు.

"డెజర్ట్ అంటెనేమొ ఉయ్యాలో, మలీద ముద్దమ్మ ఉయ్యాలో! డిజర్ట్ అంటెనేమొ ఉయ్యాలో, ఇసుక దిబ్బమ్మ ఉయ్యాలో!"

తారుమారు చేసింది! డెజర్ట్ ఎడారి, డిజర్ట్ అన్నం తిన్నాక తినే తీపి. అరవాలనిపించింది, కట్టుబాటు నోరు నొక్కింది. ఊరంతా ఆ తప్పును గొంతు చించుకుని పాడింది. వాళ్లతో పాటు పరీక్ష రాయబోయే నేనూ పాడాను. చుట్టు పూర్తికాగానే మీదపడ్డాను.

"అత్తమ్మా, గది తప్పు! ఎడారిని తినుమంటున్నవ్!"

"పాట ఎత్తినామె తప్పు పాడది. నీ బుక్కే తప్పు, వేరేది కొనుక్కో."

బతుకమ్మను నీళ్లలో వదిలాక రొట్టె, బెల్లం కలిపి ముద్దలు చేసిన మలీద పంచుతాం కదా, ఆ సాయంత్రం చేయి చాపిన ప్రతి మనిషీ "నాకింత డెజర్ట్ పెట్టక్కా" అన్నారు. ఊరంతా ఎడారి తిన్నది. అత్తమ్మ కొసరి కొసరి వడ్డించింది. నేను అలిగి తినలేదు.

పొద్దున వాకిలి ఊడుస్తూ ఆమె నా దగ్గర ఆగింది. గొంతు తగ్గించి, "నిజంగనే తప్పానే? నువ్వు గూడ పాడితివి. పరీక్షల గట్లనే రాస్తె ఎట్ల?" అన్నది. రాత్రంతా నిద్రపోలేదట. నా కోపం అక్కడికక్కడే కరిగిపోయింది.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు ఎవరూ అడగకముందే ఆమె పాట ఎత్తింది. "అత్త తప్పువాడె ఉయ్యాలో, కోడలే అలిగింది ఉయ్యాలో! డెజర్ట్ ఎడారమ్మ ఉయ్యాలో, డిజర్టె మలీద ఉయ్యాలో!" ఎవరి ముందూ తల వంచని మనిషి ఊరందరి ముందు తన తప్పును పాటగా కట్టింది. అందరికంటే గట్టిగా నేనే తిరిగి పాడాను. ఆమె అంటే అంత ప్రేమ పుట్టిన రోజు అంతకు ముందు లేదు.

మహబూబ్‌నగర్‌లో పరీక్ష. ఇంగ్లీషు ప్రశ్నల్లో ఆ జంటే ఎదురైంది. పకాలున నవ్వాను. హాల్లో కాపలా ఉన్న సారు కళ్లెర్రజేశాడు. నవ్వు ఆపుకుంటూనే సరైన చుక్క నింపాను, తర్వాతి ప్రశ్నలకు బల్ల కింద పాదంతో తాళం వేసుకుంటూ పోయాను.

ఉద్యోగం వచ్చింది. మా వాకిలి నిండా ఆడవాళ్లు. "మేం పాసైనం, మేం పాసైనం" అని ఒకరి నోట్లో ఒకరు చక్కెర పోసుకున్నారు, నా నోరు మర్చిపోయి. ఖాలా గుర్తుపట్టి నాకింత పోసింది.

తర్వాత పోస్టింగ్ తెలిసింది. అమ్రాబాద్ అవతల, అడవి అంచున బడి. ఇక్కడి నుంచి రోజూ పోయి వచ్చే దూరం కాదు. మా ఆయన లారీ దిగడు, బిడ్డకు ఇంకా సరిగా మాటలు రాలేదు. కావాలనుకున్న బడి చేతికొచ్చి నిలబడితే పట్టుకునే దారి తోచలేదు. గడపలో కూర్చుని ఏడ్చాను.

అత్తమ్మ లోపలి నుంచి వచ్చి పక్కన కూర్చుంది.

"మేం గూడ పాసైనం అన్నరు గద అందరు. మరి నేను పాసైన్నా, ఫేలైన్నా?"

"పాసైనవ్ అత్తమ్మా," అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"గట్లయితె నాకేడ పడ్డది పోస్టింగు?"

తలెత్తి ఆమె ముఖంలోకి చూశాను. వెనక గోడకు ఆనించి ఒక సంచి ఉంది. అందులో ఆమె చీరలు, పైన నా బిడ్డ గౌన్లు.

"చేను కౌలుకిచ్చిన, బర్రెను ఖాలాకు ఒప్పజెప్పిన," అన్నది. "లేసి మొఖం కడుక్కో. బస్సెన్ని గంటలకు?"