నీలం రంగు రిమ్ములు

2023 వర్షాకాలం. నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్లే రోడ్డు మీద నా టైర్ల షాపు. ఇరవై ఏళ్లు దాటింది పెట్టి. నాకు ఒకచోట కుదురుండదు. ఒక బండికి నట్లు విప్పుతుంటే కళ్లు వెనకొచ్చిన బండి మీద ఉంటాయి. చర్చిలో కూడా మా ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి ఊపడం ఆపిస్తుంది. పని చురుగ్గా చేస్తాడని పేరొచ్చింది కాబట్టి ఇదొక లోపమని నేనెప్పుడూ అనుకోలేదు.

పోలయ్య గారు సముద్రం ఒడ్డున ఉండే మత్స్యకారుడు. వాళ్ల పేటకి చివరి రెండు కిలోమీటర్లు ఇసుకా బురదా. అందుకే పాతదైనా ఒక ఫోర్ బై ఫోర్ జీపు కొన్నారు, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. చేపలకీ ఐసుకీ కొన్నదే గానీ, భార్య సత్యవతి గారి కిడ్నీలు పాడయ్యాక ఆమె ప్రాణం దాని మీదే ఆధారపడింది. వారానికి రెండుసార్లు, పొద్దున్న ఎనిమిదింటికల్లా ఆమె భీమవరంలో డయాలసిస్ మెషిను దగ్గర ఉండాలి.

ఆ జీపు రిమ్ములు, అంటే టైరు కూర్చునే ఇనప చక్రాలు, ఉప్పుగాలికి పొరలు పొరలుగా లేచిపోతున్నాయి. "రంగు వెయ్యండి, లేకపోతే తుప్పు తినేస్తుంది" అన్నాను. స్టెప్నీతో సహా ఐదూ ఆటోలో వేసుకొస్తే టైర్లు విప్పి ఇచ్చాను. మర్నాడు మధ్యాహ్నానికి పడవకి వేసే నీలం రంగు వేసి తెచ్చేశారు. తెల్లారితే డయాలసిస్. షాపు ముందు ఇంకో నాలుగు బండ్లున్నాయి. గంటలో ఐదూ బిగించి పడేశాను. అయ్యాక చూసుకుంటే నా వేళ్లన్నీ నీలం. పెట్రోలు గుడ్డతో తుడుచుకుని తర్వాతి బండి పట్టుకున్నాను.

వారం తిరక్కుండా మొదలైంది. "ఏంటండి దాసు గారు, నిన్న గాలి ముప్పై పాయింట్లు కొట్టించాను, పొద్దున్నకి పన్నెండుందండి" అంటూ పోలయ్య గారు వచ్చారు. దీన్ని మేం స్లో లీక్ అంటాం. చక్రాన్ని నీళ్లతొట్లో ముంచి రెండు నిమిషాలు చూశాను. ఏమీ లేదు. వాల్వులు మార్చాను. మళ్లీ వచ్చారు. వాల్వు లోపలి పిన్నులు మార్చాను. మూడోసారి ఒక టైర్లో చిన్న మేకు దొరికింది. దాన్ని పైకెత్తి చూపించి, పెద్ద చేపని పట్టినట్టు మురిసిపోయాను. నాలుగో రోజుకి గాలి మళ్లీ దిగిపోయింది, అదీ వేరే చక్రంలో. నాకు పిచ్చెక్కినట్టుండేది. అన్నం ముందు కూర్చున్నా ఆ లీకే.

ఒక డయాలసిస్ రోజు దారిలో వెనక టైరు నేలకి అంటుకుపోయింది. స్టెప్నీ తీస్తే అందులోనూ గాలి లేదు. రెండు గంటలు ఆలస్యంగా చేరేసరికి మెషిను ఇంకొకరికి ఇచ్చేశారు. మర్నాటికి సత్యవతి గారికి ఆయాసం వచ్చి, రెండు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నారు.

ఆమె ఇంటికొచ్చాక పోలయ్య గారు చక్రాలన్నీ తెచ్చారు. కోప్పడలేదు. తిట్టినా బాగుండేది. నేను మొదటి చక్రం ముంచి, షరా మామూలుగా రెండు నిమిషాల్లో పైకి తీయబోతే చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనివ్వండి. మీరు వేరే పని చూసుకోండి. నీళ్లు చూత్తా కూకోడం మా పనేగా అండి."

తొట్టి పక్కన గొంతుక్కూర్చున్నారు. నేను కాలుగాలిన పిల్లిలా రెండు బండ్ల మధ్య తిరుగుతూనే ఉన్నాను. అరగంట దాటాక పిలిచారు. "ఇక్కడండి."

వంగి చూశాను. చాలాసేపటికి రిమ్ము అంచున ఒక్క బుడగ లేచింది. ఆవగింజంత. మళ్లీ ఎంతోసేపటికి ఇంకోటి.

టైరు విప్పి లోపల చూశాను. టైరు అంచు రిమ్ముకి బిగుసుకుని గాలిని ఆపే చోటుని బీడ్ సీట్ అంటాం. అక్కడ ఉండాల్సింది నున్నటి ఇనుము. ఆ చోటంతా మందంగా పడవ రంగు, ముడతలు పడి ఉంది. ఆరకుండానే నేను టైరెక్కించాను. చక్రాలు ఇసుకలో కూరుకుపోకుండా ఆయన గాలి తగ్గించినప్పుడల్లా అంచు కదిలి, ఆ ముడతల్లోంచి గాలి మరింత పోతోంది. ఐదింటికీ అదే రోగం.

"ఇక్కడ ఎవరైనా రంగేస్తారా అండి!" అని కసిరాను. నోట్లోంచి ముందు అదే వచ్చింది.

పోలయ్య గారు తల దించుకున్నారు. "పడవకైతే సందు వదలం కదండి. అదే చేత్తో ఏసేశాను. నాదే తప్పు."

నేను పాత బ్లేడు అందుకున్నాను. రంగంతా గోకి, ఎమెరీ పేపరుతో నున్నగా తోమి, అంచుకి గాలి కారకుండా సీలర్ జిగురు రాసి బిగించాను. ఇక ఒక్క పాయింటు దిగలేదు. నాకు మాత్రం కంటి మీద కునుకు లేదు.

రెండు వారాలకి, భీమవరం నుంచి తిరిగెళ్తూ జీపు షాపు ముందు ఆగింది. పోలయ్య గారు రోడ్డవతలికి టీకి వెళ్లారు. ముందు సీట్లో సత్యవతి గారు ఒక్కరే ఉన్నారు. ఇక ఆగలేకపోయాను. "అమ్మా, రంగెయ్యమన్నది నేనే. ఎక్కడ వెయ్యకూడదో చెప్పలేదు. పచ్చి రంగు చేతికంటుతున్నా చూసుకోకుండా బిగించిందీ నేనే" అన్నాను.

ఆమె రోడ్డవతలికి చూపించారు. "నాకు కాదు బాబూ, ఆయనకి చెప్పు. తన వల్లే నాకిలా అయ్యిందని, నా మొకం చూసి అన్నం తినట్లేదు."

రోడ్డు దాటి వెళ్లి చెప్పాను. ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టారు.

"అయితే దాన్ని సంపబోయింది నేను కాదన్నమాటండి" అన్నారు. ఆ తర్వాత తువ్వాలుతో మొహం కప్పుకున్నారు.

ఒక్క మాటతో ఆ భారం దించగలిగి కూడా పద్నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఏ రిమ్మయినా వేలితో తడిమి చూశాకే టైరెక్కిస్తాను. లీకు తెలియకపోతే తొట్టి పక్కన అరగంట కూర్చుంటాను, ఎంత కష్టమైనా. తప్పు నాదని తేలితే, ఆ చక్రం మళ్లీ బండికి ఎక్కకముందే చెప్పేస్తాను.