సావుకారి కుక్క, మా పడుగు
మా అత్తగారి ఊరు నల్గొండకు దగ్గరే. అరవైల మొదట్లో నేను కాపురానికి వెళ్లేనాటికి ఆ వీధిలో ఇంటికో మగ్గం ఆడుతుండేది. అన్ని మగ్గాలకూ నూలిచ్చే సావుకారి మాత్రం ఒక్కడే. వీధి మొదట్లో ఆయన ఇల్లు, ఆ ఇంటి అరుగు మీద ఒక కుక్క.

అది ఆయన కుక్కేనని మేమందరం అనుకునేవాళ్లం. ఆయన ఒప్పుకొనేవాడు కాదు. ఆయన పెట్టే రొట్టె తింటుంది, ఆయన ఈల వేస్తే తోకాడిస్తుంది, ఎవరినన్నా కరిస్తే మాత్రం ఊరకుక్క అయిపోతుంది. దాని భయానికి నేను బిందె చంకన పెట్టుకుని ఊరంతా ప్రదక్షిణం చేసి బావికి వెళ్లేదాన్ని. కుక్క కంటే ఆ సావుకారి మీదే నాకు ఎక్కువ మండేది.

ఒకరోజు అది మా మామ పిక్క పట్టుకుంది. మాది గుంట మగ్గం, కాళ్లతో తొక్కితే తప్ప ఆడదు. కాలు వాచి మామ మూలన కూర్చున్నాడు, మగ్గమూ కూర్చుంది. మామ కుంటుతూ వెళ్లి అడిగితే, అది నా కుక్క అని ఎవరు చెప్పారని సావుకారి ఎదురు దబాయించాడట.

దవాఖానకు తోడుగా నేనే వెళ్లాను. కుక్క ఎవరిదని డాక్టరు అడిగాడు. పెంపుడు కుక్కయితే కట్టేసి పది రోజులు చూడవచ్చు, దానికేమీ కాకపోతే సూదులు మధ్యలోనే ఆపవచ్చు, ఊరకుక్కయితే బొడ్డు చుట్టూ పద్నాలుగూ తప్పవు అన్నాడు. మామ నేల చూస్తూ ఊరకుక్కే అన్నాడు. సావుకారికి కోపమొస్తే నూలు ఆగుతుంది. కొత్తకోడలిని, నేనూ నోరు కుట్టుకున్నాను. ఇంటికొచ్చి డాక్టరు మాటలన్నీ అత్తకు చెప్పాను. ఆమె వేళ్ల మీద సూదులు లెక్కపెట్టుకుంది.

ఐదో సూది వేయించుకోవాల్సిన రోజు పొద్దున్నే, మగ్గం మీద నిలువు పోగులయ్యే మా పడుగును వీధిలో సాచాం. ఈ చివరి గుంజ నుంచి ఆ చివరి గుంజ దాకా పోగులు బిగించి, గంజి పట్టించి, నలుగురం కుంచెలతో దువ్వుతున్నాం. ఎవరిదో కోడిని తరుముతూ ఆ కుక్క సరిగ్గా నడిమిలోంచి దూరింది. ఒక పక్క పోగులన్నీ తెగి వేలాడాయి.

సావుకారి పరుగున వచ్చాడు. గంజి ఆరితే పోగులన్నీ అంటుకుపోతాయి, పడుగు ఇక పనికిరాదు. నూలు ఆయనదే మరి. తొందరగా అతకండని కేకలేశాడు. కానీ మా వీధికి ఒక కట్టుబాటుంది. పోగు తెంపినవాళ్లే కూర్చుని మొదటి ముడి వేయాలి, అప్పటిదాకా ఇంకో చెయ్యి పడకూడదు. కాపురానికొచ్చిన వారానికే కాలు తగిలించి నేనూ అలా కూర్చున్నదాన్నే. అత్త కుంచె పక్కన పెట్టి అరుగెక్కి కూర్చుంది. ఆమెను చూసి అందరూ చేతులు కట్టుకున్నారు.

"కుక్క తెంపితే నేనేం జేస్త? అది నాదా?" అన్నాడు సావుకారి.

"నీది గాకపోతే నువ్వు పో సావుకారీ. గా ఊరకుక్కనే వచ్చి ముడేస్తది. అది వచ్చేదాంక మేం గిట్లనే కూసుంటం," అంది అత్త.

మాట గట్టిగానే ఉంది కానీ, ఆమె చూపంతా ఆరుతున్న గంజి మీదే ఉంది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది. ఆ పడుగు పాడైనా ఆయనతో పాటు మాకూ నష్టమే, ఆయన నూలు ఆపినా మాకే నష్టం. ఎండ ఎక్కుతోంది. సావుకారి పడుగును చూశాడు, ఎండను చూశాడు. ఇంతలో కోడి దొరకని ఆ కుక్క తిరిగొచ్చి, తోకాడిస్తూ ఆయన కాళ్ల మీదే పడుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక నవ్వాపుకోవడం నావల్ల కాలేదు.

ఆయన పంచె ఎగగట్టి కింద కూర్చున్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ నూలు వ్యాపారమే, ముడి వేయడం మాత్రం రాదు. వేసిన ముడి వేసినట్టే మూడుసార్లు జారిపోయింది. అత్తే పక్కన కూర్చుని వేలు పట్టి నేర్పింది. మొదటి ముడి నిలవగానే వీధంతా పడుగు మీద పడింది. గంజి ఆరేలోపు అన్ని పోగులూ అతికించేశాం.

ఆయన లేవబోతుంటే అత్త మెల్లగా అంది: "పోగులంటే ముడేసినం. మా ముసలాయన కడుపుకు ఇంక పది సూదులున్నయి. దవాఖానకు వచ్చి ఆ ఒక్క మాట చెప్పు."

సావుకారి పంచె దులుపుకుని వెళ్లిపోయాడు. అయిపోయింది మా నూలు అనుకున్నాను. కాసేపటికి ఆయన బండి మా వాకిట్లోకి వచ్చింది. మామను ఎక్కించుకుని ఆయన ముందు కూర్చున్నాడు. నేను వెనక ఎక్కాను. దారిలో చూస్తే కుక్క ఆయన అరుగు స్తంభానికి గొలుసుతో కట్టేసి ఉంది.

దవాఖానలో మామ చొక్కా పైకెత్తి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. కాంపౌండరు సూది చేతికి తీసుకున్నాడు.

"జర ఆగుండ్రి," అన్నాడు సావుకారి గడప దగ్గర నుంచి. "గా కుక్క నాదే. కట్టేసిన. మంచిగనే తింటాంది."

డాక్టరు వచ్చి అన్నీ అడిగాడు. రోజూ దాన్ని చూసి కబురు చెప్పే పూచీ సావుకారిదేనని గట్టిగా చెప్పి, అది బాగున్నంత కాలం సూదులు ఆపుదామన్నాడు. మామ కళ్లు తెరిచి సావుకారి వైపు చూశాడు. చొక్కా కిందికి దించుకున్నాడు.