ఎదురుకాళ్ళ వైద్యం

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అందరు పిల్లల్లా తల ముందు పెట్టకుండా, కాళ్ళు ముందు పెట్టి ఈ లోకంలోకి దిగాను. అలా పుట్టినవాళ్ళు తన్నితే పట్టేసిన నడుం వదిలేస్తుందని మా శ్రీకాకుళం వైపు ఒక నమ్మకం. మేముండే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఛత్తీస్‌గఢ్ వాళ్ళకీ అదే నమ్మకం. రెండు రాష్ట్రాలూ ఏకమైపోతే ఇక నాకు దిక్కెవరు? నడక వచ్చిన దగ్గర్నుంచీ కాలనీలో ఎవరి నడుం పట్టేసినా నా కాలే గతి.

ఈ వైద్యశాలకి మేనేజరు మా అమ్మ. నియమాలన్నీ ఆవిడవే. పొద్దున్నే, పరగడుపున, ఎడంకాలితో, మూడుసార్లు. తన్నించుకునేవాళ్ళు గోడ పట్టుకుని నిలబడాలి, వెనక్కి తిరిగి చూడకూడదు. తన్నడం అయ్యాక నేను వంగి వాళ్ళ కాళ్ళకి దండం పెట్టాలి. పెద్దవాళ్ళని తన్నిన పాపం ఆ దండంతో చెల్లన్నమాట. వెనక క్వార్టర్ ఆంటీ అయితే కుక్కర్ పొయ్యి మీద పెట్టేసి పరిగెత్తుకొచ్చేది. "బేటీ, జల్దీ ఏక్ లాత్ మార్ దే" అని నడుం చూపించేది, ఓ తన్ను తన్నమని. రెండో విజిల్‌కి ఇంట్లో ఉండేది.

పెళ్ళయింది, బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, ఊళ్ళోనే మోప్కాలో కాపురం పెట్టాను. అయినా ప్రాక్టీసు పోలేదు. ఆదివారం తెల్లారకుండానే అమ్మ ఫోను. "ఇద్దరొచ్చీసి కూకున్నారే, స్కూటీ తీసీ." ఒకసారి బొగ్గు కంపెనీలో పెద్ద ఆఫీసరు, కరీంనగర్ ఆయన, వచ్చాడు. "నేను సైన్స్ చదివిన్నమ్మా, ఇసుంటివి నమ్మ" అన్నాడు. గోడ పట్టుకుని, "జర గట్టిగనే తన్ను" అని కూడా ఆయనే అన్నాడు. తన్నాను. "అరె! తగ్గింది!" అన్నాడు. అందరూ అలాగే అనేవారు. నాకు కొంచెం కళ్ళు నెత్తికెక్కిన మాట నిజమే.

నమ్మనివాడు ఒక్క నాన్నే. రైలింజను డ్రైవరు. "ఇంజను ఆగిపోతే తన్ని స్టార్ట్ చేస్తామేటే?" అనేవాడు. అమ్మకి ఒళ్ళు మండేది. "మీ బోడి ఇంజనూ, నా కూతురి కాలూ ఒకటేనా?" అనేది.

పోయిన ఏడాది నాన్న రిటైర్మెంటు దగ్గర పడింది. డ్రైవర్లకి ఆఖరి డ్యూటీ అంటే మా కాలనీలో పెళ్ళితో సమానం. బండి ప్లాట్‌ఫారం మీదకి వస్తుంటే చుట్టాలూ పక్కాలూ దండలు పట్టుకుని నిలబడతారు, డప్పులు మోగుతాయి, ఇంజను దిగినవాణ్ణి నేల మీద కాలు పెట్టనివ్వరు. ఎంతమందికో అలా దండలు వేసి వచ్చిన నాన్న ఇప్పుడు తన వంతు కోసం చూస్తున్నాడు. పైకి ఏమీ అనేవాడు కాదు గాని, యూనిఫాం మాత్రం రెండుసార్లు ఇస్త్రీ చేయించాడు.

ఇంకా వారం కూడా లేదనగా, శ్రీకాకుళం నుంచి దిగిన మా మేనత్త కోసం మంచం కింద నుంచి పరుపు లాగబోయి, నాన్న వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నడుం పట్టేసింది.

రైల్వే ఆస్పత్రికి వెళ్దామంటే వినడే! వెళ్తే డాక్టరు సిక్ రాసేస్తాడు, సిక్‌లో ఉన్నవాడికి డ్యూటీ ఉండదు, ఆఖరి బండి కాస్తా చెయ్యి జారిపోతుంది. అదీ ఆయన భయం. దాంతో ఇంట్లో వైద్యాలు మొదలయ్యాయి. అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనెతో మర్దనా చేసింది. అత్త వేడి ఇసక మూటతో కాపడం పెట్టింది. పక్క క్వార్టర్ ఆయన గాజుగ్లాసుల్లో దూది వెలిగించి నాన్న వీపుకి అతికించాడు. తీశాక చూస్తే వీపంతా గుండ్రటి ఎర్రటి మచ్చలు, దోసెలు పోసినట్టు. ఎవరో బుధ్వారీ బజారు నుంచి ముళ్ళ చెప్పులు తెచ్చారు, ఆక్యుప్రెషర్ అట. అవి వేసుకుని నాన్న వసారాలో నాలుగడుగులు వేశాడు.

"ఎలాగుందండీ?" అంది అమ్మ.

"నడుం నొప్పి తెలీట్లేదే. అరికాళ్ళు మండిపోతన్నాయి."

అమ్మకి తలప్రాణం తోకకొచ్చింది. ఇక లాభం లేదని నాకు ఫోను కొట్టింది. ఆశ్చర్యం ఏమిటంటే, నాన్న ఈసారి వద్దనలేదు. ఎదురుకాళ్ళ వైద్యానికి కూడా తల వంచాడంటే ఆ బండి ఆయనకి ఎంత ముఖ్యమో నాకప్పుడే అర్థమైంది.

వెళ్ళేసరికి వసారా నిండా జనం. పిట్టగోడకి ఆనుకుని మరీ చూస్తున్నారు, క్రికెట్ మ్యాచ్ పెట్టారనుకున్నారో ఏమో. నాన్న గోడ పట్టుకుని నిలబడ్డాడు. బనీను కింద నుంచి మచ్చలు కనిపిస్తున్నాయి. నేను కాలెత్తాను. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. కాలనీ అంతటినీ తన్నినదాన్ని, నాన్న నడుం మీద కాలు వెయ్యలేకపోయాను. చిన్నప్పుడు నా కాలికి ముల్లు గుచ్చుకుంటే ఒళ్ళో పెట్టుకుని తీసిన మనిషి.

"తన్నవే, బండికి టైమవుతాంది" అన్నాడు నాన్న గోడకేసి చూస్తూనే.

బండికి ఇంకా రోజులున్నాయి, నవ్వొచ్చింది. మెల్లిగా తాకించాను.

"అది తన్నడమేటి, తుడవడం! సరిగ్గా తన్ను" అంది అమ్మ.

కళ్ళు మూసుకుని తన్నాను. మూడుసార్లు. వంగి దండం పెట్టాను. నాన్న గోడ వదిలి నాలుగడుగులు వేశాడు. "తగ్గిపోనాది, తగ్గిపోనాది!" అని అత్త గోల. పిట్టగోడ మీంచి చప్పట్లు. అమ్మ అప్పుడే డప్పులవాళ్ళకి ఫోను తీసింది.

నాన్న మాత్రం ఎవరి మాటా వినిపించుకోలేదు. కిటికీ దగ్గరకి వెళ్ళి, చువ్వ పట్టుకుని, నడుం తిప్పి వెనక్కి చూడబోయాడు. మలుపుల దగ్గర డ్రైవరు ఇంజను కిటికీలోంచి అలాగే చూడాలి, వెనక పెట్టెలన్నీ బాగున్నాయో లేదో అని. సగం తిరిగి ఆగిపోయాడు. మళ్ళీ తిరగబోయాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"లేదమ్మా. తగ్గలేదు" అన్నాడు.

నా వైద్యం మొత్తంలో ఆ మాట అన్నవాళ్ళు అంతవరకూ ఒక్కరూ లేరు. మొహం మాడిపోయింది. ఆ వెంటనే మిగతావాళ్ళందరూ నిజమే చెప్పారా అని అనుమానం కూడా వచ్చింది గాని, దాని సంగతి తర్వాత చూసుకుందామనుకున్నాను. నాన్న చొక్కా తొడుక్కుని, "స్కూటీ తీ. ఆస్పత్రికి పోదాం" అన్నాడు.

దారిలో నేను ఊరుకోలేదు. "ఒక్క రోజు నాన్నా! ఒక్క ట్రిప్పు! తగ్గిందని చెప్పి వెళ్ళిపోతే ఏం పోయేది? అంతమంది అన్నారు కదా!"

ఆయన నా భుజం పట్టుకుని వెనకాల బిగుసుకుని కూర్చున్నాడు. గుంట వచ్చినప్పుడల్లా మూలుగుతున్నాడు. "తగ్గిందని నీతో సెప్పొచ్చే, నీ సరదా తీరతాది. ఎనక పెట్టెల్లో కూకున్నోళ్ళకి ఏటి సెప్పను?" అన్నాడు. ఏడుపొచ్చింది. హెల్మెట్ ఉంది కాబట్టి సరిపోయింది.

డాక్టరు చూసి, కండరం పట్టేసిందన్నాడు, విశ్రాంతి తీసుకోమన్నాడు, సిక్ రాసేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. ముందే చెప్పిన బంతిపూల దండలు వచ్చాయి. వద్దని చెప్పడం అమ్మ మర్చిపోయింది. ఎవరి మెడలో వెయ్యాలో తెలియక బకెట్లో నీళ్ళు చల్లి పెట్టాం. ఇంటి నిండా చుట్టాలు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. నాన్న మధ్యాహ్నం నుంచీ మంచం మీద పడుకునే బండి నడిపాడు. కాసేపాగి, "ఇప్పుడు కర్గీ రోడ్ స్టేషను దాటుంటాది" అనేవాడు. ఇంకాసేపటికి, "ఇక్కడ స్పీడు తగ్గించాల. తగ్గించాడో లేదో ఎదవ" అనేవాడు. ఆ ఎదవ ఒకప్పుడు నాన్న పక్కన అసిస్టెంటుగా పని నేర్చుకున్నవాడే. నాన్న బండి అతనికే ఇచ్చారు.

సాయంత్రం కాలనీ వెనక పట్టాల మీద బండి చప్పుడు వినిపించింది. దాంతోపాటు హారను. మామూలుగా ఓసారి కొట్టి ఊరుకుంటారు. ఇది ఆగలేదు. దూరం నుంచి మొదలై, మా క్వార్టర్ల వరస పొడుగునా మోగుతూనే ఉంది. కిటికీ అద్దాలు అదిరాయి. అత్త చెవులు మూసుకుంది. అమ్మ వంటింట్లోంచి గరిటతో పరిగెత్తుకొచ్చింది.

"ఏటండీ అది! గేదెలడ్డొచ్చాయేటి?"

నాన్న మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. ఎవరూ పట్టుకోలేదు.

"గేదెలు కాదే" అన్నాడు. "నాకు."