గాలి లేని రోజున బయల్దేరిన పడవ

నిక్షేపంలా గట్టున కట్టేసి ఉన్న పడవని, ఆకు కదలని మధ్యాహ్నం పూట, మా బావగారితో సహా సముద్రం దారి పట్టించిన ఘనుణ్ణి నేను. నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. తరవాత ఊపిరి తీసుకోవడానికి నాకే తీరిక ఉండదు.

డెబ్భైల చివర సంగతి. మాది మండపేట. డిగ్రీ ఎలాగో గట్టెక్కించి, ఉద్యోగం దొరక్క, కాకినాడలో మా అక్క ఇంటిమీద పడ్డాను. బావగారిది ఇనప సామాన్ల కొట్టు. స్వదేశం వెళ్ళిపోతున్న ఒక తెల్ల ఇంజనీరు దగ్గర ఆయన తెరచాపతో నడిచే చిన్న షికారు పడవ కొన్నారు. అందరూ దాన్ని యాట్ అనేవారు. అక్క మాత్రం "మీ రెండో సంసారం" అనేది.

ఆ పడవలో విశాఖపట్నం దాకా వెళ్ళాలని బావగారి కోరిక. దానికి దక్షిణపు గాలి కావాలి. మాఘమాసం వెళ్తేగానీ అది తిరగదని పడవ నడిపే సరంగు తేల్చేశాడు. ఈలోగా ఉప్పుటేటి గట్టున మరమ్మతులు పెట్టుకున్నాం. చెక్కల సందుల్లో దూది కూరడం, దానిమీద గుగ్గిలం పూయడం, ఆపైన ఎర్రరంగు కొట్టడం. బావగారు రోజూ లేస్తూనే వేలు తడిచేసి గాల్లోకి ఎత్తేవారు.

"ఏంటోయ్, తిరిగిందంటావా?"

"ఇంకా లేదండి."

పెళ్ళివారి కబురు కోసం చూసే ఆడపిల్ల తండ్రిలా ఉసూరుమనేవారు.

ఆరోజు సరంగు తెరచాప కుట్టించడానికి బజారెళ్ళాడు. పడవని గట్టు పక్కకి లాగి కట్టే పని నామీద పడింది. నాకు పడవలు కొత్తా చెప్పండి! కాలవ గట్టున పుట్టినవాణ్ణి. ధాన్యం పడవలు కట్టడం ఎన్ని చూశానో! ముందొక మోకు, వెనకొక మోకు, కాలు తన్నిపెట్టి ఈడ్చి, అంగుళం వదులు లేకుండా, పారిపోయే గిత్తని కట్టినట్టు కట్టాను.

మా కాలవలో నీళ్ళు బుద్ధిమంతులు. ఉన్నచోటే ఉంటాయి. ఉప్పుటేట్లో అలా కాదనీ, సముద్రం పోటెక్కితే పైకొచ్చి, పోటు తీయగానే నడుం లోతు దిగిపోతాయనీ నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

బావగారు భోంచేసి పడవ లోపలి గదిలో నడుం వాల్చారు. నేను గట్టుమీద పేపరు చదువుకుంటున్నాను. ఉన్నట్టుండి "కిర్ర్..." మంది. తలెత్తి చూశాను.

పడవ కింద నీళ్ళు దిగిపోయాయి. పడవని దిగనివ్వకుండా నా మోకులు పట్టుకున్నాయి. గట్టు వైపు పక్క పైకి లేచిపోయి, అవతలి పక్క నీళ్ళలోకి వాలిపోయి, దండెం మీద తడి దుప్పటిలా వేలాడుతోంది.

లోపల్నించి బావగారి గొంతు: "ఏమోయ్! పడవ వాలుతోంది! గాలి తిరిగిందా?"

నిజం చెప్పే ధైర్యం ఏదీ? "తిరిగినట్టే ఉందండి."

"దక్షిణమేనా?"

"ఇంచుమించు అటే అండి."

"శభాష్! సరంగుని పిలువు, బయల్దేరదాం!" అని ఆయన అంటుండగానే లోపల రంగు డబ్బా దొర్లిన చప్పుడు. ఆ వెనకే, "ఇదేంటోయ్, తలుపు బిగుసుకుపోయింది!"

ముడి విప్పబోయాను. మోకు ఇనప కడ్డీలా బిర్రబిగిసిపోయింది. గోళ్ళు విరిగాయి గానీ ముడి కదల్లేదు. అవతలి పక్క కిటికీ అంచుని నీళ్ళు నాకుతున్నాయి. ఇంకో జానెడు వాలితే లోపలికే.

సరిగ్గా అప్పుడే అక్క కాఫీ ఫ్లాస్కుతో వచ్చింది.

"అదేంట్రా అలా ఉంది! మీ బావేరి?"

"లోపలున్నారు."

అక్క చేతిలో ఫ్లాస్కు జారిపోయింది. "కొయ్యరా తాడు! చూస్తావేం!"

వడ్రంగి వదిలెళ్ళిన బాడిస అందుకుని ముందు మోకు మీద వేశాను. ఒక్కటే కొయ్యకూడదని అప్పుడు తట్టలేదండీ. పడవ ముక్కు ధబ్బున నీళ్ళలో పడింది, తోక మాత్రం గట్టునే పట్టుకు వేలాడింది. లోపల బావగారు ఆ చివర్నించి ఈ చివరకి జారుకుంటూ వచ్చిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. తరవాత ఏ చప్పుడూ లేదు.

"ఏవండీ!" అని అక్క కేక. కిటికీలోంచి నీళ్ళు గుడగుడమంటూ దూరుతున్నాయి. నేనింకా తెగిన మోకు వైపే చూస్తున్నాను. అక్క నా చేతిలో బాడిస లాక్కుని, వెనక మోకుని ఒక్క వేటుకి తెగ్గొట్టింది.

పడవ ధభీమని పడి, అటూ ఇటూ ఊగి, నిటారుగా నిలబడింది. అమ్మయ్య అనుకున్నాం. అంతలోనే కదిలింది. రెండు మోకులూ కోసేశాక దాన్ని పట్టుకునేదెవరు? దిగే నీళ్ళతో పాటు ఠీవిగా సముద్రం వైపు సాగిపోతోంది. అక్కా నేనూ గట్టు వెంబడి పరుగు.

ఫెళ్ళుమని తలుపు ఊడింది. నెత్తి నుంచి పాదాల దాకా ఎర్రరంగుతో బావగారు బయటికొచ్చారు. వెనక్కి వెళ్ళిపోతున్న గట్టుని చూశారు. మొహం వెలిగిపోయింది. "సరంగేడోయ్?" అని కేకేశారు. సరంగు లేడు. తెరచాప లేదు. అప్పుడు మొదలయ్యాయి రామనామాలు.

దేవుడి దయవల్ల ఏటి మలుపులో బురద మేట ఎక్కి పడవ ఆగిపోయింది. అప్పుడే బజార్నించి తిరిగొచ్చిన సరంగు నాటు పడవలో వెళ్ళి ఆయన్ని తీసుకొచ్చాడు. అక్క కళ్ళు తుడుచుకుంటూ ఎదురెళ్ళింది. నేను తిట్లకీ తన్నులకీ సిద్ధపడి తలొంచుకు నిలబడ్డాను.

బావగారు నా భుజమ్మీద ఎర్రటి చెయ్యి వేసి, "చూశావుటోయ్ దక్షిణపు గాలి దెబ్బ! అంత లావు మోకుల్ని రెంటినీ తెంపేసింది!" అన్నారు.

నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూసింది. "అవునండీ, ఏం గాలి, ఏం గాలి!" అన్నాం ఇద్దరం.

ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ గాలి గురించి చెబుతారాయన. ఏటేటా దాని జోరు పెరుగుతోంది కూడా.

అందుచేత పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. నీటిమీద తేలే ఏ వస్తువునీ ఈ జన్మలో ఇక నా చేత్తో కట్టను. ఇంట్లో గేదెని కట్టాల్సొచ్చినా, ముందు దాని కింద నీళ్ళున్నాయేమో వంగి చూశాకే ముడి వేస్తాను.