బడి వడ్లు పోగుచేసిన పెద్దత్తమ్మ

ఒక బడిని ఏళ్ల తరబడి పట్టుబట్టి నిలబెట్టిన మనిషే, ఊరంతా చూస్తుండగా దాన్ని ఎత్తెయ్యమని ఎందుకు చెబుతుంది? ఈ ప్రశ్న చాలా కాలంగా నాతోనే తిరుగుతోంది. జవాబు చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి పోయిన నెల చనిపోయింది.

కోదాడలో మేం కిరాయికుంటున్న ఇంట్లో, పొద్దున నేను బడికి తయారవుతుండగా మా ఆయనకు ఫోను వచ్చింది. విని, ఫోను జేబులో పెట్టుకుని, "పెద్దమ్మ పోయిందంట" అన్నాడు. ఆ మాట చెవిన పడ్డ పక్కింటావిడ గేటు దగ్గర ఆపి, "దగ్గరివాళ్లేనా అండీ? పెద్ద వయసేనా?" అని అడిగింది. అవునండీ అన్నాను. నాకు మొదటి కొలువు ఇచ్చిందీ ఆమే, అది పోయేలా చేసిందీ ఆమే అని చెప్పాలనిపించింది. గేటు దగ్గర నిలబడి చెప్పే మాట కాదు కదా.

ఆమె మా మామగారి అన్న భార్య, నాకు పెద్దత్తమ్మ. పాలకీడు దాటి లోపలికి పోతే కాలువ పక్కన ఉంటుంది మా ఊరు. బడికి రెండు గదులు, ఒక వరండా, ఐదు తరగతులకు కలిపి ఒక్క సర్కారు సారు. ఆయనకు మండలంలో మీటింగు పడితే ఆ రోజు బడికి తాళమే. హైదరాబాదులో ఎం.ఏ. చదివి, పెళ్లయి ఆ ఊరికొచ్చిన కొత్తలో నేను ఇంట్లోనే ఉండేదాన్ని. ఒకరోజు ఆమె వచ్చి గడపలో కూర్చుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమే పిల్లా, గంత సదువు సదివినవంట. ఇంట్ల గిన్నెలకు చెప్తవా పాఠాలు?"

"ఉద్యోగం కోసం చూస్తున్నా అత్తమ్మా."

"సూసేది సూడు. అందాక బడికి రా. జీతం ఊరు ఇస్తది."

ఊరు ఎట్లా ఇస్తుందో కోతలయ్యాక తెలిసింది. ట్రాక్టరు ట్రాలీలో ఆమె ముందర నిలబడింది, నన్ను వెనక ఎక్కమన్నది. ప్రతి ఇంటి ముందర ట్రాక్టరు ఆగడం, ఆ ఇంటివాళ్లు గంపతో వడ్లు తెచ్చి ట్రాలీలో పొయ్యడం. వాటిని బడి వడ్లు అనేవాళ్లు. మిర్యాలగూడ మిల్లులో అమ్మితే వచ్చేది రెండో టీచరు జీతం. నాకు ముందు ఇద్దరు అట్లా పనిచేసి పోయారట. ఆ మొదటి రోజు నేను సిగ్గుతో చచ్చిపోయాను. నా ముందరే నా జీతం కోసం అడుక్కుంటున్నట్టు అనిపించింది. ఆమెకు అలాంటిదేమీ లేదు. ఎవరైనా లోపల గింజ లేని తాలు కలిపి తెస్తే పిడికెడు తీసి ఊది, "తాలు పోస్తే నీ బిడ్డకు తాలు సదువే వస్తది, సూస్కో" అనేది. గంప తెచ్చినాయన నవ్వుకుంటూ లోపలికి పోయి ఇంకో గంప తెచ్చేవాడు.

మధ్యాహ్న భోజనం వేళ తప్పకుండా వచ్చేది. పిల్లలకంటే ముందు ఒక గరిటె పప్పు చేతిలో వేయించుకుని రుచి చూసేది. "పప్పుల పప్పెక్కడిదే? పిల్లలు ఈత కొడ్తరా దీంట్ల?" అంటే వంటామె, "నువ్వు దిగు ముందుగాల, లోతెంతనో చెప్పు" అనేది. ఇద్దరూ నవ్వేవాళ్లు. మర్నాడు పప్పు కాస్త చిక్కగా ఉండేది. ఇంకో సంగతి. ఇంట్లో నన్ను ఏమే అని పిలిచే మనిషి, బడి గేటు దాటగానే "టీచరమ్మా, మీరు కూసోండ్రి" అనేది. పిల్లల ముందర ఒక్కసారి కూడా నువ్వు అనలేదు. మొదట్లో నవ్వొచ్చేది. తరువాత తరువాత గేటు దాటడానికి ఎదురుచూసేదాన్ని.

ఆమెను దేవతను చెయ్యాలని లేదు నాకు. కోపం ఎక్కువ. తన మాట నెగ్గకపోతే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు. మా అత్తకూ ఆమెకూ ఎప్పుడూ పడేది కాదు. పిల్లల్ని బడికి పంపని ఇంటి ముందు నిలబడి వాళ్ల పరువు తీసేది. అట్లా తీస్తే వాళ్లు పంపేవాళ్లు కూడా, అది వేరే మాట.

ఏళ్లు గడిచేకొద్దీ హుజూర్‌నగర్ నుంచి పసుపుపచ్చ వ్యాన్లు ఊళ్లోకి రావడం మొదలైంది. టై కట్టుకున్న పిల్లలు వ్యాన్లలో పోతుంటే మా వరండా పలచబడింది. చివరి ఏడు నాలుగో తరగతి అంటే ఒక్క ఆడపిల్లే. ఇంటి బెల్లు కొట్టాక పెద్దత్తమ్మ వచ్చేసరికి ఆ పిల్ల వరండాలో సుద్దతో అష్టాచెమ్మ గీసుకుని ఒక్కతే ఆడుతోంది. ఒక దిక్కు చింతగింజలు, ఇంకో దిక్కు గులకరాళ్లు.

"ఎవరు గెలుస్తున్రే?" అని అడిగింది పెద్దత్తమ్మ.

"గీ దిక్కు నేనే గెలుస్తున్న, గా దిక్కు నేనే ఓడిపోతున్న."

"మరి సంబురపడాల్నా, ఏడ్వాల్నా?"

"మస్తు పరేషానుంటది పెద్దమ్మా" అన్నది ఆ పిల్ల, చాలా గంభీరంగా. నేను నవ్వాను. పెద్దత్తమ్మ నవ్విందో లేదో గుర్తు లేదు. ఇప్పుడు గుర్తు తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా ఆమె ముఖం కనిపించడం లేదు.

ఆ ఏడే కోతలయ్యాక ఒకింటి ముందర ట్రాలీ ఆగితే, ఆ ఇంటాయన బయటికొచ్చి, "మా పిల్లలు వ్యాన్ల పోతున్రు పెద్దమ్మా. ఆ ఫీజు కట్టి, మళ్ల ఇదీ ఇయ్యాల్నా?" అన్నాడు. "నీకు సంతకం పెట్టుడు యాడ నేర్పిన్రురా? ఈ బడిల్నే గదా?" అని ఆమె గట్టిగానే అడిగింది. ఆయన లోపలికి పోయి గంప తెచ్చి పోశాడు. అంతా తాలు. ఆమె ఊది చూడలేదు. గంప అడిగి తీసుకుని, పైనుంచి ఆ వడ్లను తోడి, ఆయన గడప ముందరే పోసి ట్రాలీ ఎక్కింది.

తరువాత కొన్నాళ్లకు మండల విద్యాధికారి ఊళ్లో మీటింగు పెట్టాడు. మర్యాదస్తుడు. పిల్లలు తగ్గిపోయారని, ఊరు కావాలంటే ఉన్న బడిని ఉన్నట్టే నడుపుదామని, వద్దంటే పాలకీడులోని పెద్ద బడిలో కలుపుదామని చెప్పి, "ఊరి మాట ఏందో మీరే చెప్పండి" అన్నాడు. అందరూ పెద్దత్తమ్మ దిక్కు చూశారు. ఆమె ఏమంటుందో మాకందరికీ తెలుసనుకున్నాం. ఆమె లేచి, కొంగు సర్దుకుని, "కలిపెయ్యుండ్రి సారూ" అన్నది.

అంతే. నేనూ ఒక మూల కూర్చునే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు.

ఆ జూన్‌లో బడికి తాళం పడింది, నా కొలువు పోయింది. ఆ తరువాత ఎవరిని అడిగితే వాళ్లు ఒక కారణం చెప్పారు. "తాలు పోసినాయన మీద కోపం. పట్టింపు మనిషి గదా" అన్నది మా అత్త. సారు మాత్రం ఆ ఒంటరి పిల్లను చూసే అన్నదన్నాడు. "నీ కోసమే" అన్నాడు మా ఆయన. "బడి ఉన్నన్నాళ్లు నువ్వు గాడ్నే ఉంటవు. వడ్ల జీతానికే అలవాటుపడ్డవు. నిన్ను ఎల్లగొట్టింది, మంచిగైంది." నిజానికి ఆ తరువాతే నేను కోదాడ వచ్చి, ప్రైవేటు బడిలో చేరి, నెల జీతమంటే ఏమిటో చూశాను.

నా లోపల ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరికీ చెప్పలేదు. మీటింగుకు కొన్ని రోజుల ముందు ఒక మధ్యాహ్నం ఆమె నా గదిలో వెనక కూర్చున్నది. మూడు తరగతులు ఒకే గదిలో. వీళ్లకు ఉక్తలేఖనం, వాళ్లకు కూడికలు, ఇంకో మూల చదువుకొమ్మన్న పిల్లలు కొట్టుకుంటున్నారు. ఆమె చివరిదాకా చూసి, చీర దులుపుకుని, "పోయొస్త టీచరమ్మా" అని లేచిపోయింది. పప్పు గురించి అంత మాట్లాడే మనిషి నా పాఠం గురించి ఒక్క ముక్క అనలేదు. నేను చెప్పే చదువులో గింజ లేదని ఆమెకు ఆ రోజు తెలిసిందేమో. ఆ బడిలో నేను గడిపిన ఏళ్లన్నీ ఈ ఒక్క అనుమానానికి వేలాడుతున్నాయి.

బడి ఎత్తెయ్యమన్న మనిషి ఇంట్లో కూర్చుందా అంటే అదీ లేదు. కొత్త బడికి పిల్లల్ని తీసుకుపోయే ఆటోలో డ్రైవరు పక్కన ఇరుక్కుని, కొన్ని నెలలపాటు రోజూ పాలకీడు దాకా పోయొచ్చింది. "జర నిమ్మలంగా నడుపురా, ఎనక ఉన్నయి గడ్డి మోపులు గాదు" అని తిట్టేది. ఆ ఏడు కోతలయ్యాక మళ్లీ ట్రాలీ ఎక్కింది. ఈసారి వడ్లు ఆటో కిరాయికి. వ్యాన్ల ఇళ్లవాళ్లు కూడా పోశారట, తాలు లేకుండా. "పొద్దున లేస్తే పిల్ల పుస్తకాలు పట్టుకొని ఇంట్లకెళ్లి ఎల్లాలె. యాడికన్న ఎల్లనీ" అనేది. ఆ మాట విన్నప్పుడు నాకు అంతా అర్థమైనట్టే ఉండేది. ఇంటికొచ్చాక మళ్లీ మొదటికే వచ్చేది. యాడికైనా సరే అయితే, అన్నేళ్లు ఈడనే కావాలని ఎందుకు పట్టుబట్టింది?

అడగలేదా అంటే అడిగాను. ఒకసారి, "ఏమోనే, నోట్లకెళ్లి గట్ల వచ్చింది" అన్నది. ఇంకోసారి, "అన్నం తిన్నవా? తినిపో" అన్నది. ఆఖరుసారి మిర్యాలగూడ దవాఖానలో, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అడిగాను. అడగగూడని సమయమే, కానీ ఇంకో సమయం ఉండదని తెలుస్తూనే ఉంది.

ఆమె నా దిక్కు తల తిప్పింది. "నువ్వు గూడ మీటింగుల ఉన్నవు గదా" అన్నది.

"ఉన్నా."

"నిన్నడిగితే ఏం చెప్పేదానివి?"

ఉంచమంటే అది పిల్లల కోసమో, నా కొలువు కోసమో నాకే తెలియదు. కలపమంటే, మరి అన్నేళ్లు నేను చేసిందేమిటి? తడుముకుంటుంటే ఆమె నవ్వింది. "సూసినవా, నీక్కూడ ఎరుక లేదు" అని, నీళ్లు తాగించమన్నది. ఆ నవ్వులో తనకు ఎరుకేనన్న అర్థం ఉందో, తనకూ లేదన్న అర్థం ఉందో, ఈ రోజుకీ తేల్చుకోలేను.

పదకొండో దినానికి ఊరికి పోయాం. ఆ అష్టాచెమ్మ పిల్ల కూడా వచ్చింది. సూర్యాపేటలో ఇంటరు చదువుతోందట. మనిషి నాకంటే పొడుగైంది. భోజనాల దగ్గర నా పక్కనే కూర్చుంది. పాలకీడు బడి ఎట్లా ఉండేదని అడిగాను. ఆ పిల్ల మాటతోనైనా ఒక కారణం గట్టిపడుతుందేమోనని నా ఆశ.

"మంచిగుండె టీచర్. దోస్తులైన్రు మస్తుగ. కానీ మొదటి ఏడాది ఎన్క బెంచీల కూసున్న. నా పేరు సార్లకు చానా రోజులు ఎరుక లేదు. మన బళ్లె మీరు దగ్గు ఇని గూడ నన్ను గుర్తుపడ్తుండె."

"అయితే మన బడే బాగుండేదా?"

"ఏమో టీచర్" అన్నది నవ్వుతూ. "గీడుంటే ఆ దోస్తులుండకపోదురు గదా."

సాయంత్రం బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే ఒక యువకుడు, వాళ్లావిడ, నాలుగేళ్ల పాపతో వచ్చారు. అతను చిన్నప్పుడు మా బడి పిల్లవాడే. ఊళ్లో మళ్లీ చిన్నపిల్లలు పెరిగారట, వ్యాన్ల ఫీజులు మోయలేకపోతున్నారట, బడి తెరిపించమని అధికారుల దగ్గరికి పోయొచ్చారట.

"సర్కారు ఒక్క సారునిస్తదంట టీచర్. రెండోవాళ్లు మనమే సూస్కోవాలె. వడ్లు మేం పోస్తం. మీరొస్తరా?"

"కోదాడలో ఉద్యోగం ఉంది కదయ్యా" అన్నాను.

"ఎరుకే. అయినా అడుగుదమని. పెద్దమ్మ ఉంటే అడిగేదే గదా."

ఉంటే అడిగేదా, వద్దనేదా? ఆమె నా పాఠం విని బడి ఎత్తెయ్యమని ఉంటే, నేను పోకూడదు. నా బాగు కోసమే అని ఉంటే, పోతే ఆమె మాట కాదన్నట్టే. ఆ పిల్ల కోసమైతే, ఈ పాప కూడా రేపు ఒక్కతే కూర్చుని ఆడుకోదని ఎవరు చెప్పగలరు? కోపంలో అన్న మాటే అయితే, ఇవాళే వస్తానని ఒప్పుకోవాలి. ఇందులో ఏది నిజమో నాకు తెలియదు. తెలిస్తే మాత్రం పోతానా అంటే, అదీ తెలియదు.

"ఇగో, టీచరమ్మ. నమస్తే పెట్టు" అన్నాడతను పాపతో. పాప పెట్టలేదు. గబుక్కున తండ్రి కాళ్ల వెనక్కి పోయి, ఒక్క కన్నుతో నన్ను చూసింది. బస్సు వచ్చింది. నేను వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. కిటికీ పక్కన కూర్చుని వెనక్కి చూస్తే, పాప ఇప్పుడు తండ్రికి ఇటువైపు నుంచి తల బయటపెట్టి, రెండు కళ్లతోనూ చూస్తోంది.