మీటరుకు అందనిది

మణికొండలో ట్యాంకరు నీళ్లు వాడేవాళ్లం కాబట్టి, నీళ్లలో ఉప్పులు ఎంతున్నాయో చెప్పే టీడీఎస్ మీటరు మా ఇంట్లో ఎప్పుడూ ఉండేది. మా ఆవిడకు డయాలసిస్ మొదలయ్యాక దాన్ని సెంటరుకూ తీసుకెళ్లాను. అక్కడ మెషీనుకు వెళ్లే నీళ్లలో ముంచితే నాలుగు చూపించింది. మా ఇంట్లో ఎన్నడూ అంత తక్కువ రాలేదు. నిశ్చింతగా నోటుబుక్కులో రాసుకున్నాను.

ఒంట్లోని వాపును తెలిపే సీఆర్‌పీ కూడా అందులోనే రాసేవాణ్ణి. మూడు నెలల్లో అది ఆరు, పదిహేను, ముప్ఫై ఒకటి అయింది. జ్వరం లేదు, దగ్గు లేదు. ఆమె తిండి మాత్రం సగమైంది.

ఒకరోజు ఆ పేజీ టెక్నీషియన్‌కు చూపించాను.

"మీ మీటరు ఉప్పులనే లెక్కపెడ్తది సార్. చచ్చిన బాక్టీరియా ముక్కలు దానికి దొరకవు. అవి రక్తంలకు పోతే లోపల వాపు వస్తది. నీళ్లు పరీక్షకు పంపినం, రిపోర్టు రేపొస్తది."

ఆ పూటే ఆమెకు డయాలసిస్. ఒంట్లో నీరు చేరి అప్పటికే ఆమె పడుకుంటే ఆయాసపడుతోంది.

"రేపటిదాకా ఆగుదామా?" అన్నాను ఆమెతో.

"ఆగితే ఊపిరాడదండీ. ఆ మీటరు జేబులో పెట్టుకుని కూర్చోండి," అంది మా ఆవిడ.

మెషీను తిరగడం మొదలైంది. ఆ నీళ్లవల్ల చలి వణుకు వస్తుందేమోనని నాలుగు గంటలూ ఆమె పాదం పట్టుకుని కూర్చున్నాను.